ఇసుకదిబ్బ మీద విందు

ఒక పెద్ద అడవిలో సింహం గద్దె దిగిపోయి చాలాకాలమైంది. ఇప్పుడంతా ఎన్నికలే. పార్టీలు మాత్రం రెండే: ఏనుగుల పార్టీ, గాడిదల పార్టీ. ఒకటి తొక్కుతుంది, రెండోది తంతుంది. అంతకుమించి తేడా చెప్పమంటే నా వల్ల కాదు.

ఆ అడవికి దక్షిణాన ఓ ఏరుంది. తాతల కాలంలో కరువొచ్చి, ఆ ఏరు దాటి ఉడుములు, ముంగిసలు, ముళ్ళపందులు ఇటు వచ్చేశాయి. మనవలు, మునిమనవలు ఇక్కడే పుట్టారు. అయినా రెండు పార్టీలకీ వాళ్ళు ఇప్పటికీ "ఏటవతలోళ్ళే". నిజానికి వాళ్ళలో వాళ్ళకి క్షణం పడదు. ముంగిసని చూస్తే ఉడుముకి ఒళ్ళు మంట. ముళ్ళపంది ఆ ఇద్దరినీ గుమ్మం తొక్కనివ్వదు. మాట వేరు, తిండి వేరు. ఆ సంగతి కనుక్కునే తీరిక ఏ పార్టీకీ లేదు.

ఉడుము నూకాలమ్మకి ఒక్కటే బాధ. ఉడుములన్నీ ఏటి ఒడ్డున ఇసుకదిబ్బలో గుడ్లు పెడతాయి. అవి పగిలి పిల్లలు వచ్చే రోజుల్లోనే ఎన్నికలు వచ్చిపడతాయి. చదునుగా ఉంది కదా అని రెండు పార్టీలూ ఆ దిబ్బ మీదే సభలు పెడతాయి. పోయినసారి ఆమె గుడ్లలో ఒక్కటీ మిగల్లేదు. ఈసారి పిల్లలు బయటికొచ్చేదాకా సభలు ఇంకోచోట పెట్టుకోమని అడగాలని బయల్దేరింది.

ముందు గాడిదల నాయకుడు గార్దభరావు దగ్గరికెళ్ళింది. ఆయన పొంగిపోయాడు. మీ వాళ్ళు ఒకరైనా మా వేదిక మీద ఉండాలని మొన్ననే అనుకున్నాం, వెతకబోతే నువ్వే వచ్చావమ్మా అని దండ వేశాడు. దిబ్బ సంగతి చాలా ముఖ్యమైనదట, గెలిచాక తప్పకుండా చూస్తాడట. ఈలోపు తన వెనక నిలబడి తల ఊపితే చాలన్నాడు.

ఏనుగుల నాయకుడు దంతయ్య ఇంకా నయం, కూర్చోబెట్టి మాట్లాడాడు. మీరు కష్టజీవులు, పిల్లాపాపలతో బుద్ధిగా బతికేవాళ్ళు, మనసులో మీరూ ఏనుగులే అన్నాడు. గెలిచిన మర్నాడే ఏటి రేవుకి కంచె కట్టేస్తాం, ఇంకెవడూ దాటి రాలేడని ధైర్యం చెప్పాడు.

"మా అత్త ఇంకా అవతలే ఉందయ్యా," అంది నూకాలమ్మ.

"మీ అత్త సంగతి వేరమ్మా," అన్నాడు దంతయ్య.

దిబ్బ మాట ఎత్తితే ఆయన నొచ్చుకున్నాడు. మీ చోటుకొచ్చి సభ పెట్టడం మీకు గౌరవం కాదా అని ఎదురడిగాడు. ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా సర్వేలు చేసే ఓ కొంగ, ఈసారి గెలుపు ఏటవతలోళ్ళ చేతిలో ఉందని తేల్చింది. వాళ్ళ మనసు దోచుకోవాలంటే వాళ్ళ తిండి పెట్టాలంది. వాళ్ళ తిండి గుడ్లు. ఎలా తెలిసిందంటే, ఓ ముంగిస గుడ్డు తింటుంటే అది ఒకసారి చూసిందట. అంతే సర్వే. దాన్నే రెండు పార్టీలకీ అమ్ముకుంది. ఆ కొంగని మేధావి అనక మరేమంటారు?

పోలింగుకి ముందురోజు రెండు పార్టీలూ దిబ్బకి చెరో కొసన విందు పెట్టాయి. గుడ్లు ఎక్కడివంటే, కార్యకర్తలు కాళ్ళ కింది దిబ్బనే తవ్వారు. దూరం పోవాల్సిన పని లేదు కదా. గార్దభరావు నూకాలమ్మని వేదిక ఎక్కించి, మొదటి విస్తరి ఆమె ముందే వేయించాడు. విస్తట్లో గుడ్లు. ఇసుక ఇంకా అంటుకునే ఉంది.

నూకాలమ్మ ఒక గుడ్డు మీది ఇసుక తుడిచి చూసింది.

"ఇవి నా బిడ్డలయ్యా."

గార్దభరావు గబుక్కున మైకు అందుకుని, మన విందు చూసి ఈ తల్లికి కన్నబిడ్డలు గుర్తొచ్చారని జనానికి చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి.

కింద పంక్తిలో ముంగిస చిట్టెయ్య అప్పటికే ఓ గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. ముంగిసకి ఉడుము గుడ్డంటే ప్రాణం, దాచడమెందుకు. కానీ ఆ చప్పట్లు విన్నాక అది నోట్లోకి పోలేదు. లేచి వెళ్ళి నూకాలమ్మ ముందు పెట్టేశాడు.

"మన తగువు మనకి ఉండనే ఉంది నూకాలక్కా. తింటే దొంగతనంగా తింటాను గానీ, ఇలా వడ్డిస్తే తినను," అన్నాడు.

ముళ్ళపంది సింహాచలం కూడా విస్తరి తన్నేసి లేచాడు. ఆయన వెనక పంక్తి మొత్తం లేచింది. సంగతి తెలిసి అవతలి కొసన ఏనుగుల విందులోనూ అదే జరిగింది. అందరూ కలిసి, పగలని గుడ్లు ఏరి మళ్ళీ ఇసుకలో పూడ్చి, చుట్టూ కాపలా కూర్చున్నారు. మర్నాడు ఒక్కరూ ఓటుకి వెళ్ళలేదు.

ఏనుగులు గెలిచాయి. ఏటవతలోళ్ళకి విశ్వాసం లేదని గార్దభరావు ఓండ్రపెట్టాడు. వాళ్ళు ఇంట్లో కూర్చునే మాకు మద్దతిచ్చారని దంతయ్య ఘీంకరించాడు. కృతజ్ఞతగా విజయోత్సవ సభ దిబ్బ మీదే పెడతామన్నాడు.

సింహాచలం తన బలగాన్నంతా పిలిపించాడు. ముళ్ళపందులు గుడ్ల చుట్టూ ఇసుకలో కూరుకుని, ముళ్ళు పైకి నిక్కబొడుచుకుని పడుకున్నాయి. పైన ముంగిసలు పల్చగా ఇసుక చల్లాయి. మెడనిండా దండలతో, బాజాలతో దంతయ్య ఊరేగుతూ వచ్చి దిబ్బ మీద మొదటి అడుగు వేశాడు. రెండోది వేయలేదు. ఆయన పెట్టిన కేకకి వెనకాల ఏనుగులన్నీ బెదిరి, తమ వేదికని తామే తొక్కుకుంటూ పారిపోయాయి.

అడవి సభ వెంటనే కూర్చుంది. ఏనుగుల పాదాల భద్రత దృష్ట్యా ఇసుకదిబ్బ మీద ఎవరూ కాలు పెట్టరాదని తీర్మానించింది. గుడ్ల ఊసు అందులో ఎక్కడా లేదు. ఇది మా పోరాట ఫలితమేనని గాడిదలు ఊరేగింపు తీశాయి.

వారం తిరక్కుండా గుడ్లు పగిలి, నూకాలమ్మ పిల్లలు కొందరు ఇసుకలోంచి తలలు బయటపెట్టారు. చిట్టెయ్య నోరూరుతున్నా అటు చూడకుండా, కాపలా మాత్రం మానకుండా కూర్చున్నాడు.

నీతి: అందరినీ ఒకే గాటన కట్టకండి, కడితే నిజంగానే ఒకటైపోతారు.