అతిథి జట్టుకు మారు వడ్డన

ఆ శుక్రవారం ఆటలో కంపెనీ జట్టు ఓడిపోవాలని కామేశ్వరరావు, దమయంతి పొద్దున కాఫీ తాగుతూ నిర్ణయించుకున్నారు. ఆ జట్టు కార్యదర్శి కామేశ్వరరావే కావడం వల్ల ఈ మాట వంటింట్లో, గొంతు తగ్గించి అనుకోవలసి వచ్చింది.

మస్కట్ వచ్చేదాకా రగ్బీ అనే ఆట ఒకటుందని కామేశ్వరరావుకు తెలియదు. రోడ్లు వేసే ఇంగ్లీషు కంపెనీలో అకౌంట్స్ ఆఫీసరుగా వచ్చిన కొత్తలో జనరల్ మేనేజరు బ్రాడ్లీ అతన్ని పిలిచి, "చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడివి ఈ ఆఫీసులో నువ్వొక్కడివే. ఇవాళ్టి నుంచి జట్టుకు సెక్రటరీవి" అన్నాడు. పనిమంతుడన్న పేరుకు పడిన శిక్ష అది. వారానికి ఒక్క సెలవు. ఆ శుక్రవారం కాస్తా అల్ మవాలే దగ్గరి మైదానంలో రాళ్ళు ఏరించడానికి, దుమ్ము లేవకుండా వాడేసిన ఇంజనాయిలు చల్లించడానికి, సున్నంతో గీతలు వేయించడానికి, నారింజకాయలు ముక్కలు కోయించడానికి సరిపోయేది. ఆట మొదలయ్యాక డెట్టాల్ సీసా పట్టుకుని గీత పక్కన నిలబడాలి. గులకరాళ్ళ మీద పడి మోకాళ్ళు చెక్కుకుపోయిన దొరలు వరసగా వచ్చి కాళ్ళు చాపేవారు.

ఆట గురించి అతను గ్రహించినది ఒక్కటే. మనుషులు ముందుకు పరుగెత్తాలి, బంతిని మాత్రం వెనక్కే విసరాలి. అతని సెలవు దరఖాస్తు కూడా మూడేళ్ళుగా ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ఈ ఏడు సెలవుకు అడ్డం పడింది లీగు. అందులో పై డివిజన్, కింది డివిజన్ అని రెండున్నాయి. కింది డివిజన్‌లో మొదట నిలిచిన జట్టు ఏప్రిల్‌లో బహ్రెయిన్ వెళ్ళి, పై డివిజన్‌లో అట్టడుగున మిగిలిన జట్టుతో ఆడాలి. నెగ్గితే వీళ్ళు పైకి, వాళ్ళు కిందికి. కింది డివిజన్‌లో కంపెనీ జట్టూ, ఖబూరా రోడ్డు క్యాంపు జట్టూ సమానంగా ఉన్నాయి. ఈ శుక్రవారం ఆ రెంటి మధ్యే ఆఖరి ఆట. బ్రాడ్లీ ముందే చెప్పేశాడు. "నెగ్గామా, ఏప్రిల్‌లో నువ్వు నాతో బహ్రెయిన్ వస్తావు, సెలవు సంగతి వచ్చే ఏడు చూద్దాం. ఓడామా, సుఖంగా ఇండియా వెళ్ళు. ఇక్కడ నీతో నాకేం పని?"

దమయంతికి మాత్రం ఇండియాలో పని ఉంది. చెల్లెలు శ్యామల కూతురికి పుట్టువెంట్రుకలు తీయించాలి. పెద్దమ్మ లేకుండా తీయించేది లేదని చెల్లెలు పట్టుబట్టింది. మొదటి ఏడు వీళ్ళకు సెలవు దొరక్క ఆగిపోయింది. ఇప్పుడు మూడో ఏడు. ఏప్రిల్ దాటితే అదీ దాటిపోతుంది, ఇక అయిదో ఏటిదాకా ఆగాలి. పిల్ల ఇప్పటికే రెండు జడలు వేసుకుని తిరుగుతోంది. దమయంతి ఆ జడలను ఫోటోలో చూడడమే.

"ఓడించడం నా చేతుల్లో ఏముందే? బంతి పట్టుకునేది నేనా?" అన్నాడు కామేశ్వరరావు.

"ఆ వచ్చేవాళ్ళు ఎప్పుడు బయల్దేరారండీ?"

"చీకటితోనే. దారిలో రెండు సైట్లు చూసుకుని వస్తార్ట."

"అయితే పాపం ఖాళీ కడుపుతో వస్తారు. నీరసంగా ఉన్నవాళ్ళు ఏం నెగ్గుతారు? ముందు వాళ్ళకి శుభ్రంగా భోజనం పెడదాం."

"ఎప్పుడూ ఆట అయ్యాక కదా పెట్టేది? శాండ్‌విచ్చులు."

"అదొక తిండా? తడిగుడ్డలో చుట్టిన రొట్టె ముక్కలు! అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని తినకుండా మైదానంలోకి దింపుతారా ఎవరైనా? కోర్టు అమీనా జప్తుకొచ్చినా భోంచేశాకే సామాన్లు ముట్టుకోనిచ్చింది మా అమ్మ."

"మరి మనవాళ్ళకో?"

"ఇంటివాళ్ళు చివర్న తింటారు. ఎక్కడైనా అంతేగా."

కామేశ్వరరావు ఆలోచించాడు. అవతలి జట్టు కడుపునిండా తిని బలంగా ఉంటుంది. ఇవతలి జట్టు ఆకలితో నీరసంగా ఉంటుంది. ఎటు నుంచి కూడినా లెక్క సరిపోయింది. పైగా ఇందులో మోసం లేదు, మర్యాదే ఉంది. అతను తృప్తిగా కాఫీ గ్లాసు కడిగి బోర్లించాడు.

దమయంతి అప్పుడే కొంగు దోపింది. పులిహోర, గారెలు, బంగాళాదుంపల వేపుడు, పెరుగన్నం. బలానికని గసగసాల పాయసం. గసగసాలు పక్కింటి బిల్కీస్ హైదరాబాదు నుంచి కుర్మా కోసం తెచ్చుకున్నవి. ఆమె మొత్తం సీసా ఇచ్చేసి, "కుర్మా ఎప్పుడైనా చేస్కోవచ్చు. మీ ఆయన టీం గెలవాలె" అని దీవించింది. దమయంతి ఆ దీవెన సగమే తీసుకుంది.

మధ్యాహ్నం గిన్నెలన్నీ పికప్పులో ఎక్కించుకుని మైదానానికి తెచ్చినవాడు లచ్చన్న. జగిత్యాల మనిషి. మైదానం గీతలు వేసేదీ, రాళ్ళు ఏరేదీ అతనే. డేరా కింద బల్లలు వేసి వడ్డనకు నిలబడ్డాడు. ఖబూరా జట్టు దిగింది. వాళ్ళ కెప్టెన్ గ్రిఫిత్ ఎర్రగా, తలుపంత వెడల్పుగా ఉన్న సర్వేయరు. ఆటకు ముందు భోజనమా అని అతను క్షణం తటపటాయించాడు. కానీ బల్ల దగ్గర ఒక ఆడమనిషి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కాదనలేక కూర్చున్నాడు. అతను కూర్చుంటే అందరూ కూర్చున్నారు.

మొదటి వడ్డన బాగానే జరిగింది. రెండో వడ్డనకు గ్రిఫిత్ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

లచ్చన్న ఆగి అన్నాడు. "అమ్మా, దొర చెయ్యి అడ్డం పెడుతుండు."

"మొహమాటం లచ్చన్నా! వెయ్యి, వెయ్యి. కొత్త చోటు కదా, అడగలేకపోతున్నారు."

"గట్లనా? అయితే గీ పక్కకెల్లి ఏస్త" అని లచ్చన్న ఆ చేతి పక్కనుంచి రెండు గారెలు జార్చాడు.

పెట్టినదంతా తినేయడం వాళ్ళ మర్యాద. ఖాళీ ప్లేటు చూడలేకపోవడం దమయంతి మర్యాద. ఈ రెండు మర్యాదలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయి పులిహోర అయిపోయింది, గారెలు అయిపోయాయి. చివర పాయసం వచ్చింది. అది మాత్రం ఎవరూ చెయ్యి అడ్డం పెట్టకుండా తాగారు. గ్రిఫిత్ నాలుగుసార్లు అడిగి పోయించుకున్నాడు.

డేరా అవతల కంపెనీ జట్టు గాలిలో వస్తున్న వాసన పీలుస్తూ నిలబడింది. జట్టులో తనూ ఆడే బ్రాడ్లీ వచ్చి, "రావ్, మాకేదీ?" అన్నాడు.

"మీకు ఆట అయ్యాక, సర్. ముందు అతిథులు."

"మిగులుతుందా?"

కామేశ్వరరావు గిన్నెల వైపు చూసి నిజం చెప్పాడు. "త్వరగా ముగిస్తే మిగలవచ్చు, సర్."

ఆటను మలుపు తిప్పింది ఆ మాటే. విజిల్ ఊదగానే కంపెనీ జట్టు భోజనానికి పరుగెత్తినట్టు పరుగెత్తింది. ఖబూరా వాళ్ళు పెళ్ళిపందిట్లో విస్తళ్ళ ముందు నుంచి లేచిన పెద్దమనుషుల్లా నింపాదిగా కదిలారు. వంగినవాడు లేవలేదు. పడినవాడు పడినచోట కాస్త సర్దుకుని చెయ్యి తలకింద పెట్టుకున్నాడు. బంతి ఒకసారి గ్రిఫిత్ చేతికి వచ్చింది. అతను దానివైపు ఆప్యాయంగా చూసి పక్కవాడికి ఇచ్చేశాడు. ఆ పక్కవాడు కంపెనీ జట్టువాడు.

"ఇదేమిటండీ, వాళ్ళు పరుగెత్తరేం? అంత తిన్నారు కదా!" అంది దమయంతి.

"నన్నడుగుతావేం? వండింది నువ్వు."

సగం ఆట అయ్యేసరికి కంపెనీ జట్టు అందనంత ముందుంది. విరామంలో ఖబూరా వాళ్ళు డేరా నీడలో నడుం వాల్చారు. మళ్ళీ విజిల్ ఊదితే ముగ్గురు లేవలేదు. నీళ్ళు చల్లితే ఒకతను "థాంక్యూ" అని అటు తిరిగి పడుకున్నాడు. ఉన్నవాళ్ళతోనే ఆట ముగిసింది. బ్రాడ్లీ పరుగున వచ్చి కామేశ్వరరావును ఒళ్ళంతా ఇంజనాయిలుతోనే కౌగిలించుకున్నాడు. "బహ్రెయిన్, రావ్! మనం బహ్రెయిన్ వెళ్తున్నాం!"

దమయంతి ఖాళీ పాయసం గిన్నె ముందు కూర్చుండిపోయింది. ఆమె కళ్ళముందు రెండు జడలు మెదిలాయి. అయిదో ఏటికి అవి నడుం దాకా వస్తాయి.

"పెయ్యి నొస్తున్నదా అమ్మా?" అన్నాడు లచ్చన్న.

"లేదు లచ్చన్నా. నెగ్గాం కదా, అదీ బాధ."

ఇంతలో ఎవరో కంపెనీ డాక్టరును పిలుచుకొచ్చారు. ఆయన పడుకున్న ముగ్గురి కనురెప్పలూ ఎత్తి చూసి, నాడి చూసి, నిద్రేనని తేల్చాడు. అయినా పద్ధతి ప్రకారం, "ఏం తిన్నారు?" అని అడిగాడు. కామేశ్వరరావు ఆఫీసులో ఆడిటరు ముందు నిలబడ్డట్టు నిలబడి వరసగా చెప్పాడు. పులిహోర. గారెలు. వేపుడు. పెరుగన్నం. గసగసాల పాయసం.

"గసగసాలంటే?"

లెక్కల్లో ఎన్నడూ ఏదీ దాచని మనిషి. "నల్లమందు మొక్క ఉంటుంది కదండీ, దాని గింజలు" అన్నాడు.

బ్రాడ్లీ ముఖం సున్నం గీతలా అయింది.

"పెళ్ళిళ్ళలో పోసేదే కదండీ!" అంది దమయంతి ఆ సాయంత్రం ఇంట్లో. "మత్తేమిటి, అసహ్యంగా! తాగాక మా నాన్నగారు గుర్రుపెట్టి నిద్రపోయేవారు నిజమే. ఆదివారం కాబట్టి అనుకునేదాన్ని."

వారం తిరిగేసరికి కథ పెరిగింది. ముగ్గురు నిద్రపోయారని ఆఫీసులో అన్నారు. మత్రా బజారుకు చేరేసరికి జట్టంతా స్పృహ తప్పింది. ఖబూరాలో, పై డివిజన్ మీద ఆశతో బ్రాడ్లీయే తన అకౌంట్స్ ఆఫీసరు చేత ఈ పని చేయించాడని చెప్పుకున్నారు. లీగు కమిటీ బ్రాడ్లీని పిలిచి నిలబెట్టి ప్రశ్నలు వేసింది. నిద్రపోయిన ముగ్గురూ, ఆ పూట పడుకున్నట్టు తాము ఈ దేశం వచ్చాక ఎప్పుడూ పడుకోలేదని సాక్ష్యం చెప్పారు. అది ఎవరి తరఫు సాక్ష్యమో కమిటీకి అర్థం కాలేదు.

గురువారం బ్రాడ్లీ భార్యాభర్తలిద్దరినీ ఆఫీసుకు రమ్మన్నాడు. కామేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఉద్యోగం పోతే కట్టుకోవలసిన సామాను కొంచెమేనని దమయంతి మనసులో అనుకుంది.

"ఆ ఆట చెల్లదన్నారు" అన్నాడు బ్రాడ్లీ కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఏప్రిల్ మొదటి శుక్రవారం మళ్ళీ ఆడాలి. కమిటీ ఒక షరతు పెట్టింది."

"ఏమిటి సర్?"

"ఆట మొదలయ్యే సమయానికి మిసెస్ రావు ఈ దేశంలో ఉండకూడదు. నువ్వు కూడా. ఆ పొద్దున విమానానికి టిక్కెట్లు కంపెనీయే కొంటుంది. మీ వాళ్ళందరినీ చూడండి, తీరిగ్గా రండి."

మూడేళ్ళ దరఖాస్తులు చేయలేని పని ఒక గిన్నె పాయసం చేసింది. దమయంతి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తోందనుకుని బ్రాడ్లీ నొచ్చుకున్నాడు.

"కానీ రావ్," అన్నాడు వాళ్ళు తలుపు దాకా వెళ్ళాక. "ఈసారి న్యాయంగా నెగ్గామంటే బహ్రెయిన్ ఉండనే ఉంది. టెలిగ్రాం కొడతాను. ఎక్కడున్నా వెంటనే బయల్దేరి రా."

మెట్లు దిగుతూ కామేశ్వరరావు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టాడు.

"పుట్టువెంట్రుకలకి ముహూర్తం ఆ తర్వాతి వారం కదూ?" అన్నాడు కామేశ్వరరావు చివరికి.

"అవునండీ. టెలిగ్రాం దానికంటే ముందే వస్తుంది."

ప్రయాణం ముందు రోజు పెట్టెలు కట్టడంలో ఉండగా గ్రిఫిత్ వచ్చాడు. ఖబూరా తోటల్లోవి, ఒక సంచీడు నిమ్మకాయలు తెచ్చాడు. కోపంగా వచ్చాడేమోనని కామేశ్వరరావు బెదిరాడు. గ్రిఫిత్ కుర్చీ అంచున కూర్చుని టోపీని చేతుల్లో తిప్పుతూ, "ఆ పాయసం గురించి మనసులో ఏమీ పెట్టుకోవద్దు" అన్నాడు. తరువాత కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "రేపు మీరుండరు. మీ లచ్చన్న ఉంటాడు కదా. ఆటకు ముందు ఒక గిన్నెడు పాయసం అందేలా చేయగలరా? మా వాళ్ళకు కాదు. మీ వాళ్ళకు."

కామేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "క్షమించాలి, మిస్టర్ గ్రిఫిత్. నేను ఆ జట్టుకు కార్యదర్శిని. అలాంటి పని మా ఇంట్లో జరగదు."

దమయంతి నిమ్మకాయల సంచీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. సీసాలో మిగిలిన గసగసాలు ఆమె పొద్దున్నే నానబోసింది.