పువ్వులెవరికి, గుడ్లెవరికి

నాకు పులులంటే భయం లేదు. మా రోసారియో ఊళ్ళో పులులు లేవు కాబట్టి ఆ ధైర్యం ఊరికే వచ్చింది. నా భయమంతా కోడిగుడ్లంటేనే. నవ్వకండి, మీకూ తెలుసుగా. చదువు పూర్తిచేసి యూనివర్సిటీ గుమ్మం దాటినవాణ్ణి మనవాళ్ళు ఊరికే వదలరు. కట్టుకున్న భార్య, కన్నతల్లి, ప్రాణస్నేహితులు అందరూ కలిసి నెత్తిన గుడ్లు పగలగొట్టి పైన పిండి కుమ్మరిస్తారు. అదే మన సన్మానం.

నెత్తిన పగిలే గుడ్డుకి నేను భయపడను. పగలకుండా ఇంటికి తిరిగొచ్చే గుడ్డుకే నా భయం.

నలభై దాటాక నాకు కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చెయ్యాలన్న బుద్ధి పుట్టింది. చదివినంతకాలం బాగానే ఉంది. చివర్లో మాత్రం థీసిస్ పట్టుకెళ్ళి ముగ్గురు పరీక్షకుల ముందు నిలబడాలి, వాళ్ళడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాలి. పోయినేడాది నిలబడ్డాను. జవాబు మాత్రం రాలేదు. "మళ్ళీ రాసుకురండి" అన్నారు. బయటికొస్తే మెట్ల మీద మా ఆవిడ గ్రిసెల్డా గుడ్ల అట్టలతో ఎదురుచూస్తోంది. నా మొహం చూడగానే అట్టలు వీపు వెనక్కి దాచేసింది. ఆ వారమంతా మా ఇంట్లో ఆమ్లెట్లూ కస్టర్డూ. "ఇంకాస్త వేసుకో" అని ఆవిడ ప్రేమగా వడ్డిస్తుంటే నా ఓటమిని నేనే చెంచాతో తిన్నాను.

ఈసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. ఇంకో అవకాశం లేదు. అందుకని గొప్ప పథకం వేశాను. పరీక్ష ఈ గురువారమైతే, ఇంట్లో వచ్చే గురువారమని చెప్పాను. గుడ్లే రాకపోతే తిరిగి వెళ్ళే బెడద ఉండదు కదా!

పథకానికి అడ్డం పడింది సూటు. నాకున్నది ఒక్కటే, పెళ్ళినాటిది. గురువారం పొద్దున్న చప్పుడు కాకుండా బీరువా తెరిచాను. మా ఇల్లు గ్రిసెల్డా బేకరీ వెనకే, మధ్యలో ఒక్క తెర. ఆ తెర తొలగించుకుని మా ఆవిడ వచ్చింది, మోచేతుల దాకా పిండితో.

"సూటెందుకు?"

"మా ఆఫీసు బాసిలియో లేడూ, వాళ్ళ మేనత్త పోయింది."

"ఎక్కడికి?"

"పైకి."

"మేడ మీదికా?"

"ఇంకా పైకి, గ్రిసెల్డా."

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. గౌను మీద అయిదు వేళ్ళూ తెల్లగా పడ్డాయి. "ఎర్మీనియా గారా! ఎప్పుడు?"

"తెల్లవారుజామున." ఆ మేనత్త పేరు మా ఆవిడకెలా తెలుసో అడగాలని నాకు తట్టలేదు. అబద్ధం అతికిందన్న ఆనందంలో ఉన్నాను.

"అయ్యో పాపం. ఆగు, నేనూ వస్తాను."

"వద్దు! దగ్గరివాళ్ళే రావాలన్నారు."

"నువ్వు దగ్గరివాడివా?"

"నేను... మొయ్యాలి."

"నిచ్చెన మొయ్యమంటే నడుం నొప్పన్నావు మొన్న" అని తెర వెనక్కి వెళ్ళింది. కాసేపటికి బండి చక్రమంత తెల్లపూల దండ తెచ్చి నా మెడలో వెయ్యబోయి, చేతికిచ్చింది. "ఉత్త చేతులతో చావింటికి వెళ్తావా? వీధి చివర పూలమ్మాయి దగ్గర తెచ్చాను. ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టు."

ఆ దండ పట్టుకుని బస్టాపులో నిలబడ్డాను. నా థీసిస్ సంగతి చెప్పలేదు కదూ? సిటీ బస్సు ఎప్పుడొస్తుందో ముందే చెప్పే ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం వల్ల నెల్లాళ్ళుగా మా ఇంట్లో శాంతి లేదు. భోజనానికి కూర్చుంటే చాలు, గ్రిసెల్డా మొదలుపెట్టేది.

"సమ్మె చేస్తే ఏం చెప్తుంది నీ ప్రోగ్రాం?"

"సమ్మె దాని పరిధిలోకి రాదు."

"రోసారియోలో బస్సుల గురించి రాసి, సమ్మె పరిధిలోకి రాదంటావా? ఇంకేం వస్తుంది, వెన్నెలా?"

"అబ్బబ్బ! అది పాత ప్రయాణాల్ని చూసి నేర్చుకుంటుంది. రోడ్డు మీది బస్సుల నుంచి కబురు రావడం ఆగిపోతే, ఊహించి అబద్ధం చెప్పకుండా 'నాకు తెలియదు' అంటుంది. తెలియనప్పుడు తెలియదనడం కూడా తెలివే!"

"ఆ ప్రోగ్రాం మొగుళ్ళకి కూడా పెట్టచ్చుగా."

ఇలా సాగేది వరస. ఇప్పుడు బస్టాపులో ఫోను తీసి అడిగితే అదే ప్రోగ్రాం "నాకు తెలియదు" అంది. రోడ్డు ఖాళీ. పక్కన ముసలాయన పేపరు మడుస్తూ, "ఇవాళ బస్సుల సమ్మె అటగా" అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

పరుగు లంకించుకున్నాను. ఎదురొచ్చినవాళ్ళు నా దండ చూసి టోపీలు తీస్తున్నారు, శిలువ గుర్తు వేసుకుంటున్నారు. నేను ఎక్కడికి వెళ్తున్నానో వాళ్ళకి నాకంటే బాగా తెలిసినట్టుంది.

చెమటలు కక్కుతూ గదిలో పడ్డాను. ముగ్గురు పరీక్షకులు. మధ్యలో గడ్డం ఆయన్ని విద్యార్థులు రంపం అంటారు, నిదానంగా కోస్తాడు కాబట్టి. పోయినసారి నన్ను కోసిందీ ఆయనే.

"పువ్వులెవరికి?" అన్నాడు.

"నాకేనండీ" అన్నాను. భయంలో నిజం వచ్చేసింది.

థీసిస్ మొత్తం ఒక్క గుక్కలో వివరించాను. ముగించాక రంపం కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇవాళ ఊళ్ళో బస్సులు లేవు. మరి సమ్మె రోజున మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

కళ్ళ ముందు గుడ్ల అట్టలు వరసగా ఇంటికి నడిచి వెళ్తున్నాయి. అయిపోయింది, పేరు కొట్టేస్తారు అనుకున్నాను. ఆ చీకట్లో ఎక్కణ్ణుంచో గరిట చప్పుడు వినిపించింది, "వెన్నెలా?" అన్న మాట కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలి గ్రిసెల్డా!" అని రంపం మీద విరుచుకుపడ్డాను. "కబురు ఆగిపోతే అది ఊహించదు! తెలియదంటుంది! కావాలంటే ఇదిగో, ఇవాళ పొద్దున్న ఏమందో చూడు!" ఫోను ఆయన ముక్కు ముందు పెట్టాను. తర్వాత ఏమడిగినా అదే ఊపులో చెప్పేశాను, అన్నీ మా భోజనాల బల్ల మీద తిన్న ప్రశ్నలే. జవాబులయ్యాకే గడ్డం కనిపించి కూలబడ్డాను.

బయట కూర్చోమన్నారు. దండ ఒళ్ళో పెట్టుకుని పూలు లెక్కపెడుతూ కూర్చున్నాను. తలుపు తెరిచి రంపమే వచ్చాడు. "అభినందనలు, మాస్టర్ అన్సెల్మో. గ్రిసెల్డా గారికి నా నమస్కారం చెప్పండి."

ఎగిరి గంతేస్తూ మెట్ల మీదికొచ్చాను. ఎవరూ లేరు. గుడ్డు లేదు, పిండి లేదు, అరుపు లేదు. పెళ్ళినాటి సూటు మడత నలగకుండా ఉంది. ఎవరూ రాకుండా కాపలా కాసుకున్నది నేనే, వాళ్ళు రాలేదని ఏడుపొచ్చిందీ నాకే. ఆ పూలదండని కావలించుకుని నిలబడిపోయాను.

టప్!

నుదుటి మీద పగిలింది. సొన కంట్లోకి కారుతుండగా చూస్తే, సందులోంచి మా బేకరీ వ్యాను. దాని ముందు ఊదారంగు కోటు వేసుకున్న ముసలావిడ, ఇంకో గుడ్డు గురిపెడుతూ. వెనక పిండి బస్తాతో గ్రిసెల్డా.

"అంత్యక్రియలు బాగా జరిగాయా?" అంది మా ఆవిడ.

"ఈ... ఈవిడెవరు?"

"ఎర్మీనియా గారు. నువ్వు చంపుతున్నప్పుడు తెర అవతల రొట్టెలు కొనుక్కుంటోంది."

"అంతా విన్నాను నాయనా" అంది ముసలావిడ. "తెల్లవారుజామున పోయానుట కదా."

నెత్తిన పిండి పడింది. దగ్గుతూనే అడిగాను, "తేదీ నీకెలా తెలిసింది?"

"ఎవరైనా వచ్చి చూసే పరీక్ష, తేదీ యూనివర్సిటీ గుమ్మం మీదే అంటించారు. ఏమేం అడుగుతారో నీ థీసిస్ గైడు మేడం చెప్పింది. మామూలుగా అడిగితే నువ్వు వణికిపోతావు. కోపంలో అయితే బ్రహ్మాండంగా చెప్తావు. నెల్లాళ్ళు నీతో పోట్లాడి నా గొంతు పోయింది."

మెల్లగా అడిగాను, "ఒకవేళ తప్పి ఉంటే?"

గ్రిసెల్డా తన చేతిరుమాలుతో నా కంటి మీది సొన తుడిచింది. "వ్యాను సందులో పెట్టింది అందుకే. నీ నడక చూస్తే తెలిసిపోతుంది. నీ కంటబడకుండా వెళ్ళిపోయేవాళ్ళం. నువ్వు ఇంటికొచ్చి ఎర్మీనియా గారి కోసం ఏడ్చేవాడివి. నేనూ పక్కన కూర్చుని ఆవిడ కోసమే ఏడ్చేదాన్ని."

"మరి గుడ్లు?"

"కేకుల్లో వేసి అమ్మేసేదాన్ని. నీ పళ్ళెంలోకి రానిచ్చేదాన్ని కాదు."

ఇంతలో ముసలావిడ నా చేతుల్లోంచి దండ లాక్కుంది. "ఇవి నా పేరు మీద కొన్నవేగా?" అని ముక్కు ఆనించి వాసన చూసింది. "బావున్నాయి. నిజంగా పోయాక తెస్తే నాకేం తెలుస్తుంది." దండ భుజానికి తగిలించుకుని, కోటు జేబులోంచి ఇంకో గుడ్డు తీసింది. "నాకు చెయ్యి అందదు. కాస్త ఒంగు మాస్టరూ."

ఒంగాను.