మెంబరు గారి భర్తకు జరిగిన అన్యాయం

అయ్యలారా, అమ్మలారా! ప్రజాస్వామ్యాన్ని నిలబెడుతున్నది ఓటరు కాదు, నాయకుడూ కాదు. మెంబరు గారి మొగుడు!

నవ్వకండి. ఆడవాళ్లకు కేటాయించిన సీటులో ఒంటరి ఆడమనిషి గెలిస్తే జనానికి దక్కేది ఒక్కరే. ఆవిడకు మొగుడుంటే ఇద్దరు దక్కుతారు. ఒకరు గెలుస్తారు, ఒకరు ఏలుతారు. ఒక్క ఓటుకి ఇద్దరు! ఏ దుకాణంలో దొరుకుతుందండీ ఈ బేరం?

నా సంగతే చూడండి. మా వార్డు సీటు ఆడవాళ్లకు వచ్చిందని తెలియగానే మా ఆవిడ చేత నామినేషన్ వేయించాను. ఆవిడ దర్జీ. మా ముందుగదిలోనే కుట్టుమిషను. వార్డులో సగంమంది ఆడవాళ్ల కొలతలూ, మొత్తం ఆడవాళ్ల కష్టాలూ ఆవిడ కొలతల పుస్తకంలో ఉంటాయి.

"నాకెందుకండీ ఈ ఎన్నికలు?" అంది.

"నువ్వు ఊరికే నిలబడు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను.

మాట తప్పలేదు. ఆవిడ గెలిచింది. రెండేళ్లపాటు మిగతాదంతా నేనే చూసుకున్నాను.

మీటింగులకు నేనే వెళ్లాను. ఆవిడ కుర్చీలో నేనే కూర్చున్నాను. రిజిస్టరులో ఆవిడ సంతకం కూడా నేనే పెట్టాను. చివర ఒక తోక, కింద రెండు చుక్కలు. ఎంత హుందాగా ఉండేదనీ! ఇంటి ముందు బోర్డు రాయించాను, ఆవిడ పేరు చిన్నగా, నా పేరు పెద్దగా. "ఇంతకీ మెంబరెవరు సార్?" అన్నాడు పెయింటరు. "రెండూ కలిపి చదువుకోవయ్యా" అన్నాను.

కౌన్సిల్ హాల్లో నాలాంటి త్యాగమూర్తులు మరో ఆరుగురుండేవారు. మేం పడిన శ్రమ మీకు తెలియదు. పార్కు బెంచీలకు ఏ రంగు వేయించాలన్న విషయం మీద మూడు మీటింగులు చర్చించాం. మాకు పార్కు లేదని నాలుగో మీటింగులో తెలిసింది. అయినా వెనక్కి తగ్గలేదు. ఆకుపచ్చ అని తీర్మానం చేశాం!

సరిగ్గా ఆ సమయంలో మా ఆవిడ సణుగుడు మొదలుపెట్టింది. మా వెనకసందులో మంచినీళ్ల పైపు మురుగుకాలవలోంచి పోతుంది. అది ఎక్కడో పగిలింది.

"ఈ వారంలో తొమ్మిదిమంది పిల్లలకు వాంతులూ విరేచనాలూ అండీ. ఇస్త్రీ చేసే ఆవిడ కూతురిని ఆస్పత్రిలో చేర్చారు. మీటింగులో చెప్పారా?"

"అజెండాలో లేదు."

"పెట్టించండి."

"దానికో పద్ధతుంటుంది. నీకు తెలీదు."

ఆ పద్ధతేమిటో నిజానికి నాకూ తెలియదు. కానీ ఇంట్లో ఇద్దరికీ తెలియదంటే బాగుండదు కదా!

ఇంతలో కౌన్సిల్ ఆఫీసుకి కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే మీటింగు హాలు గుమ్మంలో నిలబడి నన్ను ఆపింది.

"మీరెవరండీ?"

"మెంబరు గారి తాలూకు."

"తాలూకులు బయట బెంచీ మీద కూర్చోవాలి. మెంబరు గారిని పిలిపించండి. రాకపోతే గైర్హాజరు వేస్తాను."

ఏం చేస్తాను? ఫోన్ చేశాను. మిగతా ఆరుగురూ చేశారు. అరగంటలో ఏడుగురు ఆడవాళ్లూ వచ్చారు. మా ఆవిడ మెడలో టేపుతోనే వచ్చేసింది, చంకలో కొలతల పుస్తకం! ఇదేమైనా కౌన్సిలు మర్యాదా?

గుమ్మం దగ్గర గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. ఆవిడ సంతకం పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, పాత పేజీలు తిరగేసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది మెంబరు గారి సంతకం కాదమ్మా."

"నేనే మెంబర్నండీ."

"కావచ్చు తల్లీ. కానీ కలవడం లేదు. మెంబరు గారు చివర తోక పెడతారు. కింద రెండు చుక్కలు కూడా పెడతారు."

మా ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ తోకా చుక్కలూ పెట్టే ఆయన బయట బెంచీ మీదే ఉన్నారు. అనుమానముంటే ఆయన్నే అడగండి" అంది.

బెంచీ మీది ఏడుగురం ఒక్కసారిగా ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నాం.

ఆఫీసరమ్మ కొత్త పేజీ తిప్పించింది. "ఇవాళ్టి నుంచి ఇదే అసలు సంతకం. పాత పేజీల సంగతి తర్వాత తేలుస్తాను" అంది. ఆ 'తర్వాత' అన్న మాటతో నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. రెండేళ్లు నిస్వార్థంగా ఇంకొకరి సంతకం మోసినవాడికి దక్కే గౌరవం ఇదా!

లోపల జరిగిందంతా కిటికీలోంచి విన్నాను. మా ఆవిడ లేచి కొలతల పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఏ ఇల్లు, ఎంతమంది పిల్లలు, ఏ రోజు జబ్బుపడ్డారు, అంతే. ఒక ఉపన్యాసం లేదు, ఒక సామెత లేదు! మొదట్లో కిటికీదాకా సగం మాటలే వినిపించాయి. ఇస్త్రీ ఆవిడ కూతురి దగ్గరికి వచ్చేసరికి వీధిదాకా వినిపించింది.

"విషయం ముఖ్యమైనదే. వచ్చే మీటింగులో చూద్దాం" అన్నాడు చైర్మన్. పెద్దమనిషి కదా, పద్ధతి తెలిసినవాడు.

"అందాకా ఆ నీళ్లు మీ ఇంటికి పంపమంటారా అన్నా?" అంది మా ఆవిడ.

అప్పుడు పక్క వార్డు మెంబరు లేచింది. ఆవిడ టీకొట్టు నడుపుతుంది. రెండేళ్లలో హాల్లో ఆవిడ గొంతు ఎవరూ వినలేదు. రానివ్వలేదు కనుక. "మా వార్డుకని తెచ్చిన పైపులు గోడౌన్లో పడున్నాయి. మాకు తొందరలేదు. ముందు వాళ్లకు వేయండి" అంది. బెంచీ మీద నా పక్కనే కూర్చున్న ఆవిడ భర్త "మాకు పైపులున్నాయా!" అన్నాడు.

ఏడు చేతులు లేచాయి. తర్వాత మిగతావీ లేచాయి. మూడో రోజుకల్లా సందులో పాత పైపు మూసి, కొత్తది కాలవకు దూరంగా వేశారు. కందకం పక్కన మా ఆవిడ నిలబడే ఉంది. పదోరోజుకి ఇస్త్రీ ఆవిడ కూతురు ఇంటికొచ్చి, మా అరుగు మీద కూర్చుని గుడ్డపీలికలతో ఆడుకుంది.

ఒక్క వాయిదా లేదు, ఒక్క ఉపసంఘం లేదు! ఇలాగైతే ప్రజాస్వామ్యం ఏం కావాలి?

అది పోనీయండి. నా సంగతేమిటి? పొద్దున్నే తలుపు కొడతారు. "మెంబరు గారున్నారా?"

"లేరు. విషయం నాకు చెప్పండి."

"ఫర్వాలేదండీ, ఆవిడొచ్చాకే వస్తాం."

వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం, కూర్చోబెట్టడం, కబురు చెప్పడం, ఇవీ నా పనులు. భోజనాల దగ్గర వీధిదీపాల గురించి ఒక అభిప్రాయం చెబితే "అలాగేలెండి" అని మా ఆవిడ కూర వడ్డిస్తుంది. మొన్న ఒకాయన నన్ను చూపిస్తూ పక్కవాడితో "మెంబరు గారి ఆయన" అన్నాడు. నాకో పేరుందండీ!

ఆలోచించండి. ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, నిర్ణయాలన్నీ రెండో మనిషి చేసేసి, చెప్పిన మాట చెవినపెట్టక, కనీసం పేరుతోనైనా పిలవకపోతే ఆ మనసు ఏమైపోతుంది? మానవ చరిత్రలో ఇంతటి అన్యాయం ఇంతకుముందు ఎవరికైనా జరిగిందా? నాకు తెలిసి లేదు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చూపించాను. మీటింగుకి బయల్దేరుతూ నిలబడే చదివింది.

"బాగా రాశారండీ. ఒక కాపీ మా అమ్మకు పంపుదాం. తన గురించే రాశారనుకుంటుంది" అనేసి వెళ్లిపోయింది.

అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. మా అత్తగారు ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. ఏ మీటింగుకీ వెళ్లలేదు. మా మామగారు ఉన్నంతకాలం ఆవిడ వీధిగడప దాటి ఎరగరు. మరి నాబోటివాడి కష్టం ఆవిడకెలా తెలిసిందో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతుపట్టడం లేదు!