మాట పడిపోయిన పెద్దమనిషి

రోజూ పొద్దున్నే కాఫీ తాగడం, ఆ తర్వాత భార్యకి నవల చదివి పెట్టడం. డ్రాయింగు మాస్టారు వేసుకున్న కార్యక్రమం అంతే. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో జరుగుతున్నదే. ఆవిడకి పుట్టుకతో చూపు లేదు. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఆవిడకి పుస్తకమంటే మొగుడి గొంతే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మాస్టారి ఛాతీ కాస్త పొంగేది.

ఆ పొంగు మీద నీళ్ళు చల్లినవాడు బావమరిది. అక్కకని అరచేతిలో పట్టే చదివే యంత్రం ఒకటి తెచ్చిపెట్టాడు. పుస్తకం ఎక్కిస్తే చాలు, గంభీరమైన మగ గొంతుతో గడగడా చదివేస్తుంది. ఆవలించదు, గొంతు సవరించుకోదు, మిగతాది రేపు చూద్దామనదు. ఆవిడ దాన్ని "మా అబ్బాయి" అని ముద్దుగా పిలవసాగింది. మాస్టారు మాత్రం మనసులో "పెద్దమనిషి" అని పేరు పెట్టుకున్నాడు. వంటింట్లో ఆవిడ పక్కన పెద్దమనిషే, మంచం మీద దిండు పక్కనా పెద్దమనిషే. ఒకరోజు దాని చదువు వింటూ ఆవిడ పకపకా నవ్వేసరికి మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. అదే పేజీ ఆయన చదివినప్పుడు "ఊఁ" అని ఊరుకుంది మరి! కుళ్ళు కాక ఏం చేస్తాడు పాపం?

ఆ రాత్రి భోజనాల దగ్గర చెయ్యి కడుక్కునే వంకతో ముందే లేచి, ఛార్జింగుకి పెట్టి ఉన్న పెద్దమనిషి స్విచ్చి ఆపేశాడు. తెల్లారేసరికి దానికి మాట పడిపోయింది.

"ఏమండీ, అబ్బాయి పలకడం లేదు," అంది ఆవిడ.

మాస్టారు అయ్యో అన్నాడు, అందులో సంతోషం వినబడకుండా దగ్గాడు. ఆ పూట ఆయన చదివిన తీరు ఇంతా అంతా కాదు. దొంగకి ఒక గొంతు, పోలీసుకి ఒక గొంతు, దొంగని దాచిపెట్టిన ముసలమ్మకి వణుకుతూ ఇంకో గొంతు. ఆవిడ కాఫీ చల్లారిపోయేదాకా కదలకుండా విన్నది. దాంతో రోజూ ఆవిడకన్నా ముందు చెయ్యి కడుక్కోవడం మాస్టారికి నియమమైపోయింది. రోజూ పొద్దున్న ఆవిడ యంత్రాన్ని ఇయర్‌ఫోన్ వైరుతో సహా చేతికిచ్చేది, తెర నల్లగా ఉండేది, ఆయన నిట్టూర్చి నవల అందుకునేవాడు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. బావమరిది ఊరుకునే రకం కాదు. ఛార్జరు మీద ఎర్ర లైటు వెలుగుతోందా అని ఫోన్లో అడిగాడు. చూసి చెప్పగలిగిన మనిషి ఇంట్లో మాస్టారొక్కడే కదా, వెలగట్లేదన్నాడు. కొత్త కేబులు వచ్చింది. అయినా వెలగట్లేదన్నాడు. కొత్త ఛార్జరు వచ్చింది. దానికీ అదే జవాబు. అయితే గోడలో ప్లగ్గే పోయి ఉంటుందని బావమరిది ఎలక్ట్రీషియన్ని పంపించాడు. అతను బోర్డు ఊడదీసి, ప్లగ్గు నిక్షేపంగా ఉందని తేల్చి, అసలు వైరింగే ముసలిదైపోయిందంటూ మెయిన్ ఆపేసి, వైరు కొనుక్కొస్తానని వెళ్ళి మర్నాడు గానీ రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో చీకటి. ఆవిడ ఎప్పటిలాగే గదులన్నీ చకచకా తిరిగి వంట చేసి వడ్డించింది. కుర్చీలకి మోకాళ్ళు కొట్టుకున్నదీ, మంచినీళ్ళ చెంబులో చెయ్యి కడిగిందీ మాస్టారే. పైగా కింది వాటాకి కూడా కరెంటు పోయిందట, వాళ్ళ చేత చివాట్లు తిన్నదీ ఆయనే.

ఇక కంపెనీ మెకానిక్కే రావాలన్నాడు బావమరిది. "వద్దులెండి, మీరున్నారుగా చదవడానికి," అని ఆవిడ అన్నది. ఆ మాటకి మాస్టారు పొంగిపోయేలోపే మెకానిక్ ఫోన్ చేయనే చేశాడు. ఆవిడ వరండాలోకి వెళ్ళి అతనితో చాలాసేపు మాట్లాడింది, మధ్యమధ్య నవ్వింది కూడా. తలుపు పక్కన నిలబడి విన్న మాస్టారికి నవ్వు తప్ప ఏమీ దక్కలేదు. యంత్రం గొంతు ఒక్కటీ చాలనట్టు ఇప్పుడు మనిషి గొంతు కూడానా! అతను వచ్చే రోజున స్కూలుకి సెలవు పెట్టి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఎవరికి చూపిద్దామనో ఆయనకే తెలియదు.

వచ్చినవాడు బట్టతల మనిషి, జలుబు కూడా చేసినట్టుంది. యంత్రాన్ని ఒకసారి నొక్కి చూశాడు.

"దీనికేం కాలేదండీ. బ్యాటరీ నిండుగా ఉంది."

"ఎలా ఉంటుందయ్యా? రోజూ నేనే..." అని మాస్టారు నాలిక కరుచుకున్నాడు. తర్వాత నల్లటి తెర చూపించాడు.

"తెర కావాలనే ఆపుకున్నారండీ. చూసే పని లేనివాళ్ళు చాలామంది అంతే, ఛార్జింగు మిగులుతుందని," అంటూ మెకానిక్ ఇయర్‌ఫోన్ వైరు పీకాడు.

వెంటనే పెద్దమనిషి గంభీరంగా అందుకున్నాడు. సాయంత్రపు రేవు, ఒడ్డున ఒరుసుకుంటున్న పడవలు, నీటి మీద పొగమంచు. మాస్టారి మొహం పాలిపోయింది. ఆ పొద్దున ఆయన చదవకుండా గుటుక్కున మింగేసిన వర్ణనే అది.

"మిమ్మల్ని రావద్దన్నానుగా," అంది ఆవిడ మెకానిక్‌తో.

"కంప్లైంటు వచ్చాక రాకపోతే మా వాళ్ళు ఊరుకోరు మేడం," అని అతను తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. మాస్టారు తల దించుకున్నాడు, ఆవిడకి కనబడదని తెలిసి కూడా.

"స్విచ్చి చప్పుడు నాకు మొదటి రోజే వినబడిందండీ. రోజంతా ఫోన్లు వినే చెవులివి. మర్నాటి నుంచీ మీరు ఆపేవారు, కంచాలు తీసేటప్పుడు నేను వేసేదాన్ని."

"మరి పలకడం లేదని నాతో ఎందుకన్నావు?"

"వాడు నోరు మూసుకుంటేనే కదా మీరు నోరు తెరుస్తున్నారు. ముసలమ్మకి గొంతు మార్చి చదివి ఎన్నేళ్ళయింది? నాకు ఆ ముసలమ్మ కావాలి." ఆవిడ చెయ్యి చాచి ఆయన ఇస్త్రీ చొక్కా తడిమి నవ్వింది. "మీరు మింగేసిన పేజీలు మాత్రం బస్సులో వాడి దగ్గర వింటున్నాను."

అంతలో ఏం పాడైందో కనుక్కుందామని బావమరిది ఫోన్ చేశాడు. ఏమీ పాడవలేదని మాస్టారు మొదటిసారి నిజం చెప్పాడు, అతను నమ్మలేదు.

ఇప్పుడు మాస్టారు వర్ణనలతో సహా చదువుతున్నాడు. స్విచ్చి జోలికి వెళ్ళడం మానేశాడు గానీ, భోజనం మధ్యలో లేచి చెయ్యి కడుక్కోవడం మాత్రం మానలేకపోతున్నాడు.