ఉత్తరంలోకి తొంగిచూసిన డ్రైవరు

1944 ఎండాకాలంలో ఒక ఉదయం నూర్ మొహమ్మద్ మాచర్ల నుంచి గురజాలకు బొగ్గుతో నడిచే బస్సు తీశాడు. పన్నెండేళ్లలో కోడిపిల్లను కూడా తొక్కించని డ్రైవరని అతనికి పేరు. ఆ రోజు జేబులో నరసరావుపేట నుంచి అల్లుడు రాసిన కార్డు ఉంది. కూతురు అబిదాకు నెలలు నిండాయి. తనకేమో చదువు రాదు. గురజాల చేరాక ఎవరిచేతనైనా చదివించుకుందామనుకున్నాడు.

రెంటచింతల దాటేసరికి ఓపిక అయిపోయింది. పక్క సీట్లో ఉన్న బడిపంతులు రాఘవయ్య చేతికి కార్డిచ్చాడు.

"మామగారికి సలాములు. ఇక్కడ ఎండలు చానా ఎక్కువ..." అని చదవసాగాడు రాఘవయ్య.

"ఎండల సంగతి తర్వాత పంతులుగారూ! అబిదా ముక్క ఏడుంది?"

"ఇదుగో, ఈ మూల."

చదువు రాని నూర్ మొహమ్మద్ కూడా తల తిప్పి ఆ మూలలోకి తొంగిచూశాడు.

చూపు మళ్లీ రోడ్డు మీదికి వచ్చేసరికి ఎదురుగా దేవదాసు అనే రైతు ఎద్దులబండి ఉంది. బస్సు దాని చక్రాన్ని కొట్టి పక్క గుంటలోకి దిగింది. దేవదాసు కిందపడ్డాడు. చెయ్యి విరిగింది. బండిలోని మిరపకాయ బస్తాలు పగిలి ఘాటు లేచింది. బస్సులో ఒక్కరికీ కన్ను తెరుచుకోలేదు.

ఘాటు తగ్గాక రాఘవయ్య మిగతా ముక్క చదివాడు: తల్లీ బిడ్డా క్షేమం. అప్పటికి నూర్ మొహమ్మద్ దేవదాసు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సంతోషించడానికి మనసు రాలేదు.

గురజాల కోర్టుకు మాత్రం ఆ బస్సులోవాళ్లందరూ కళ్లారా చూసిన సాక్షులై వచ్చారు. మంచి డ్రైవరు లైసెన్సు పోకూడదని వాళ్ల తాపత్రయం. ఎద్దులు బెదిరాయంది ధనమ్మ. ఎద్దులు కావు, దున్నపోతన్నాడు కొట్టు గోపాలకృష్ణ. ఇద్దరి మాటా నిలబెట్టాలని రాఘవయ్య, "ఒక ఎద్దునూ ఒక దున్నపోతునూ కట్టిన బండండీ" అన్నాడు. చేతికి కట్టుతో నిలబడ్డ దేవదాసుకు తన ఎద్దుల మీద తనకే అనుమానం వచ్చింది.

నూర్ మొహమ్మద్ ఇక ఉండలేకపోయాడు.

"అయ్యా, దున్నపోతు లేదు. ఎద్దులు బెదరలా. నేనే రోడ్డు చూడలా. నా బిడ్డ కబురు కోసం ఇంకో బిడ్డ తండ్రిని పడగొట్టా."

మేజిస్ట్రేటు ఆరు నెలలు బస్సు తోలకూడదని తీర్పు చెప్పాడు.

కోర్టు బయట నూర్ మొహమ్మద్ దేవదాసు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "ఏం చెయ్యమంటే అది చేస్తా అన్నా."

"ఏంది చేసేది? చెయ్యి అతికిందాకా నా బండి ఎవరు తోలతారు?"

"నేను తోలతా."

మర్నాటి నుంచే తోలాడు. దారి ఎద్దులకు తెలుసు. అయినా మూడు నెలలపాటు నూర్ మొహమ్మద్ రోడ్డు మీద నుంచి కన్ను తీయలేదు.