చెయ్యెత్తి బిగించవలెను

మా చొక్కాల ఫ్యాక్టరీలో మహిళా ఆరోగ్య సంఘం ఏర్పాటైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. విషయం మరీ సున్నితమైనది, పూర్తిగా ఆడవాళ్లకు సంబంధించినది కనుక సభ్యులందరినీ మగవాళ్లనే వేశారు. కార్యదర్శిని నేనే.

దీనికంతటికీ మూలం కాలర్ల వదిన. కాలర్లు కుట్టే ఈవిడ ఫ్యాక్టరీలో అందరికీ వదినే, మేనేజరుగారికి తప్ప. ఒకప్పుడు ఆవిడ నవ్వితే మిషన్ల రొద వినబడేది కాదు. రెండో కాన్పు తర్వాత నవ్వినా తుమ్మినా చీర తడవడం మొదలైంది. దాంతో ఎవరైనా జోకు ఎత్తుకుంటే చాలు, లేచి అవతలికి పోయేది. మొగుడు బస్సు డ్రైవరు, సరదా మనిషి. దగ్గరికొస్తే ఎక్కడ నవ్విస్తాడోనని పాపం గోడవైపు తిరిగి పడుకునేది.

నడుము నొప్పులు చూడటానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయితో ఈ సంగతి చెప్పుకుంది. ఆ అమ్మాయి పదిమందిని కూర్చోబెట్టి, ఏ మాత్రం తడుముకోకుండా చెప్పేసింది.

"ఒంటేలు ఆపుకునేటప్పుడు బిగిస్తాం చూడండి, అవే కండరాలు. బిగించండి, కాసేపు ఉంచండి, వదిలేయండి. కుర్చీలో కూర్చునే చేయొచ్చు, ఎవరికీ కనబడదు. కొన్ని వారాలు చేస్తే చీర తడవడం తగ్గుతుంది. మొగుడూ పెళ్లాల సుఖం కూడా బాగుంటుంది."

ఈ చివరి మాటకి పక్కనే ఉన్న సూపర్‌వైజరుకు పైన తిరిగే ఫ్యాను మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది.

"బిగించడం మాకు కొత్తా తల్లీ?" అంది వదిన. "బాత్రూం తాళంచెవి ఈ సూపర్‌వైజరుగారి జేబులో ఉంటుంది. పొద్దుట్నుంచీ బిగించుకునే కూర్చుంటాం. వదలడమే ఎవరూ నేర్పలేదు."

"అలా ఆపుకోవడం వ్యాయామం కాదక్కా, రోగం తెచ్చుకోవడం. వదలడమే సగం వ్యాయామం."

తాళంచెవి సంగతి మేనేజరుగారి దాకా వెళ్లలేదు. "ఎవరికీ కనబడదు" అన్న ముక్క మాత్రం వెళ్లింది. కంపెనీ కుర్చీలో, కంపెనీ వేళల్లో, కంపెనీకి కనబడకుండా ఒక పని జరగడమా! సంఘం అత్యవసరంగా సమావేశమై నిబంధన చేసింది: బిగించినప్పుడు కుడిచెయ్యి పైకెత్తవలెను, వదిలినప్పుడు దించవలెను.

ఒంటిచేత్తో కుట్టిన కాలర్లు ఏ మెడకూ పట్టలేదు. అయినా పారదర్శకత ముఖ్యం. ఇంతలో బిగించకుండానే చెయ్యెత్తే మోసగత్తెలుంటే ఎలాగన్న శంక వచ్చింది. ముఖకవళికల అధ్యయనానికి సభ్యులం తలుపులేసుకుని అద్దం ముందు స్వయంగా ప్రయత్నించాం. స్టోర్‌కీపరుగారికి తొడ పట్టేసింది. సరిగ్గా చేసేవాళ్ల ముఖంలో ఏ మార్పూ ఉండదని మేం తేల్చాం. అంటే అందరినీ అనుమానించవచ్చు.

అలవాటు ఊరికే పోతుందా? మా ఆడవాళ్లు దారిలోనూ బిగిస్తూ చెయ్యెత్తేవారు. స్టాపు కానిచోట్ల బస్సులు ఆగేవి. ఎక్కేవాళ్లు లేక డ్రైవర్లు తిట్టుకుంటూ పోయేవారు. కాలర్ల వదిన మొగుడు మాత్రం ఈలవేసుకుంటూ పోయేవాడు. "ఈ వయసులో ఇదేం చదువే?" అని మొదట్లో ఎగిరిన మనిషి, ఇప్పుడు పేపరు చాటునుంచి మెల్లగా "ఇవాళ చేశావా?" అని అడుగుతున్నాడట. ఆవిడ గోడవైపు తిరగడం మానేసిందని కూడా తెలిసింది. ఎలా తెలిసిందని అడక్కండి, సంఘానికి అన్నీ తెలుస్తాయి.

కొన్ని వారాల వ్యాయామం పూర్తయ్యాక పెట్టిన ముగింపు సభలో మేనేజరుగారు ఆ భాగం పేరు ఒక్కసారైనా ఎత్తకుండా అనర్గళంగా మాట్లాడారు.

"అది... ఆ ప్రాంతం గట్టిగా ఉంటేనే కుటుంబం గట్టిగా ఉంటుంది! కుటుంబం గట్టిగా ఉంటేనే కాలరు నిటారుగా ఉంటుంది!"

గొంతు ఆరిపోయి నీళ్లు తాగారు. మళ్లీ మాట్లాడి మళ్లీ తాగారు. మధ్యలో లేచి వెళ్తే హోదాకు తక్కువ కదా. అంతలో ఆయనకొక తుమ్ము వచ్చింది.

ఆయనది లేత బూడిదరంగు ప్యాంటు. పూలగుత్తి అడ్డం పెట్టుకున్నారు గానీ అప్పటికే ఆలస్యమైంది. వెనకనుంచి వదిన గొంతు వినబడింది.

"సార్, చెయ్యెత్తడం మర్చిపోయారు!"

అని, నవ్వింది. ఎన్నేళ్లుగానో దాచుకున్న నవ్వంతా ఒక్కసారే బయటికొచ్చింది. మధ్యలో ఠక్కున ఆగి, భయం భయంగా చీర తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. కళ్లు మాత్రం తడిశాయి. మళ్లీ మొదలెట్టింది, ఈసారి హాలంతా కలిసింది. నాకూ నవ్వొచ్చింది, కార్యదర్శిని గనుక బిగించాను.

మర్నాటినుంచి మేనేజరుగారు తమ గదిలో, తెరలు దించుకుని, అదే వ్యాయామం చేస్తున్నారు. అధికారుల మీద కంపెనీకి నమ్మకముంది గనుక చెయ్యెత్తనక్కర్లేదు. పని వేళల్లో నవ్వినందుకు వదినకు మెమో ఇచ్చారు. అది చదివి ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది. బాత్రూం తాళంచెవి సూపర్‌వైజరు జేబులో క్షేమంగా ఉంది.

ఇక మీ సంగతి. కథ మొదలెట్టినప్పటికంటే ఇప్పుడు కాస్త నిటారుగా కూర్చున్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. అంటే సరిగ్గానే చేస్తున్నారు. చెయ్యెత్తండి మరి.

ఏం, సిగ్గా? మా ఆడవాళ్లు అందరి ముందూ ఎత్తారు.