సామాన్ల గదిలో ఇలవేల్పు

యాభయ్యో ఏడు వచ్చేదాకా మిలోయెకి ఏ దేవుడితోనూ పని పడలేదు. మొరావా నది ఒడ్డున ఓ చిన్న పట్నంలో, నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. తండ్రి పాతకాలపు పార్టీ మనిషి. గోడ మీది దేవుడి పటం దించేసి అదే మేకుకి నాయకుడి ఫొటో తగిలించాడు. నాయకుడు పోయాడు, పార్టీ పోయింది, తండ్రీ పోయాడు. మేకు మిగిలింది. దానికి మిలోయె టోపీ తగిలించుకునేవాడు.

ఇప్పుడు గాలి తిరిగింది. సెర్బియాలో ఇంటికో పునీతుడు ఇలవేల్పు, ఏటా ఆయన రోజున స్లావా పండగ. ఆఫీసులో ఎవరి పండగ వస్తే వాళ్ళు తీపి గోధుమలు ఉడికించి పంచుతారు. డైరెక్టర్ వెలిబోర్ ఒకప్పుడు గుడికి వెళ్ళేవాళ్ళ పేర్లు పార్టీకి చేరవేసినవాడే. ఇప్పుడు సిలువ గుర్తు వేసుకోనిదే చెంచా ఎత్తడు.

సెక్షన్ ఆఫీసరు కుర్చీ ఖాళీ అయిన రోజుల్లో వెలిబోర్ గోధుమలు నములుతూ అడిగాడు: "నీ ఇలవేల్పు ఎవరోయ్ మిలోయే? మీ ఇంటి గోధుమలు ఎప్పుడూ తిన్నట్టు లేదే!"

మిలోయె చూపు గోడ మీద, పునీతుల పేర్లున్న క్యాలెండర్ మీద పడింది. "లూకా గారండీ."

"అయితే వస్తాం. స్లావాకి పిలుపెందుకు!"

ఇంట్లో భార్య దేసంక నడుం మీద చేతులు పెట్టుకుంది. "మనకి లూకా ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి."

"ఆయనే ఎందుకో?"

"ఆయన పండగ పెద్ద ఉపవాసాల్లో పడదు. నిక్షేపంగా పందిపిల్లని కాల్చుకోవచ్చు."

"ఆహా, ఏం భక్తయ్యా! కూర చూసి దేవుణ్ణి ఎంచావు. మీ అమ్మని అడిగావా, అసలు మీ ఇలవేల్పు ఎవరో?"

"అమ్మకేం తెలుసే? ఆ రోజు ఆవిణ్ణి మీ చెల్లెలింట్లో దింపిరా. నోరు జారిందంటే నా కుర్చీ గోవిందా!"

"సరే," అంది దేసంక. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే మిలోయె భయపడాల్సింది. భయపడలేదు.

సంతలో లూకా పటం దొరక్క, అలాగే గడ్డమున్న ఇంకో పునీతుణ్ణి కొన్నాడు. పండగ పొద్దున పందిపిల్లని కాల్పించి భుజాన వేసుకొచ్చాడు.

"ఇవాళ వారమేంటో తెలుసా?" అంది దేసంక.

"శుక్రవారం."

"శుక్రవారం మాంసం ముట్టరు మహానుభావా! దాన్ని బాల్కనీలో దాచిపెట్టు. నేను చేపలు తెచ్చాన్లే."

సాయంత్రం డైరెక్టరూ ఫాదరుగారూ వచ్చి కూర్చున్నారు. గోధుమల గిన్నె చేతులు మారుతుండగా లోపలి గది తలుపు తెరుచుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని మిలోయె తల్లి పెర్సిదా వచ్చింది.

"చెల్లెలు ఊళ్ళో లేదు," అంది దేసంక, ఉప్పు అందించినంత మామూలుగా.

"అమ్మా, మీ ఇంట్లో లూకా పండగ ఎన్ని తరాల నుంచండీ?" అన్నాడు వెలిబోర్.

ముసలావిడ గోడకేసి చూసింది. "ఈ గడ్డపాయన ఎవరో నాకు తెలీదు నాయనా. మా ఇలవేల్పు పేత్కమ్మ తల్లి. పండగ మొన్న సోమవారమే అయిపోయింది. నేనూ కోడలూ చేసుకున్నాం."

"ఎక్కడ?" మిలోయె గొంతు కీచుమంది.

"సామాన్ల గదిలో, ఊరగాయ జాడీల వెనకాల. మీ నాన్న దించేసిన పటం అక్కడ దాచాను. ఆయనున్నన్నాళ్ళూ ఆయనకి భయపడి తలుపేసుకున్నాను. తర్వాత నువ్వు నవ్వుతావని తియ్యలేదు."

కుర్చీ కాళ్ళు మొలిచి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది మిలోయెకి. కానీ వెలిబోర్ లేచి ఆవిడ చేతులు కళ్ళకద్దుకున్నాడు. "ఆ రోజుల్లో మిమ్మల్ని ఎంత ఏడిపించారమ్మా!"

"ఎవరండీ ఏడిపించింది?" అంది దేసంక.

ఆయనకి వినిపించలేదు. ఊరగాయల మధ్య ముసలావిడని నిలబెట్టి ఫోనులో ఫొటోలు తీస్తున్నాడు.

ఆ ఫొటో పెద్దదై ఆఫీసు వరండాలో వేలాడింది. కింద 'విశ్వాసాన్ని కాపాడిన తల్లి' అని బంగారు అక్షరాలు. అంత గొప్ప తల్లి కొడుక్కి కుర్చీ ఇవ్వక తప్పుతుందా? ఇచ్చారు.

"చూశావా అమ్మా, నీ పుణ్యమే!" అన్నాడు మిలోయె. "వచ్చే ఏడు నీ పండగ హాల్లో చేద్దాం. పేపరువాళ్ళు కూడా వస్తారు."

పెర్సిదా జాడీల వెనక నుంచి పటం తీసి తువ్వాల్లో చుట్టుకుంది. "అక్కడ నేనూ ఆవిడా మాట్లాడుకునేవాళ్ళం రా," అంది. "ఇప్పుడు అందరూ దూరారు." మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

మరుసటి ఏడు పేత్క రోజున మిలోయె ద్రాక్షసారా కొనడానికి వెళ్ళి, గుమ్మంలో ఎదురైన డైరెక్టరునీ, ఫాదరుగారినీ, పేపరు ఫొటోగ్రాఫరునీ వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. బల్ల మీద గుడ్డ కూడా లేదు. గోధుమల్లేవు, కొవ్వొత్తి లేదు, తల్లి లేదు, పెళ్ళామూ లేదు. పొయ్యి చల్లగా ఉంది.

"అమ్మగారేరోయ్?" అన్నాడు వెలిబోర్, టై సర్దుకుంటూ.

"గుడికండీ... కోడలితో కలిసి గుడికి వెళ్ళుంటుంది."

"మరింకేం! మనమూ అక్కడికే పోదాం పద. ఏ గుడి?"

మిలోయె నోరు తెరిచాడు. అమ్మ ఏ గుడికి వెళ్తుందో అతనెప్పుడూ అడగలేదు.